సూడాన్ పోషకాహార విద్యార్థులకు దూరం నుంచి పాఠం చెప్పాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మీరు తెలంగాణలో పోషకాహార శాస్త్రం చెప్పే అధ్యాపకులు. సూడాన్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి మీకు కబురొచ్చింది. యుద్ధంలో ప్రయోగశాల పోయింది, విద్యార్థులు తలో ఊరికీ వెళ్లిపోయారు, రెండు సెమిస్టర్లు ఆన్‌లైన్‌లో చెబుతారా అని అడిగారు. మన బీఎస్సీ సిలబస్‌నే కాస్త తగ్గించి చెబితే సరిపోతుందా, ప్రాక్టికల్స్ ఎలా అన్నది మీ సందేహం.

సిలబస్ తగ్గించవద్దు, వరస మార్చండి. మన దగ్గర మొదటి ఏడాది జీవరసాయనం, రెండో ఏడాది ఆహార విశ్లేషణ, మూడో ఏడాదిలో ఎప్పుడో ఒకరోజు అంగన్‌వాడీకి వెళ్లి పిల్లల్ని తూచడం. అక్కడ రెండో ఏడాది చదివే అమ్మాయి వచ్చే వారమే ఏదో శిబిరంలో టేపు పట్టుకుని నిలబడాల్సి రావచ్చు. సర్వేలకు మనుషులు దొరక్క సహాయ సంస్థలు పోషకాహార విద్యార్థులనే పిలుస్తాయి. పేటల్లో జనం చందాలతో నడిపే ‘తకాయా’ వంటశాలల్లో ఎంత పప్పు, ఎంత నూనె వేయాలని వాళ్లనే అడుగుతారు. అందుకే ఏది తప్పుగా చేస్తే పసిప్రాణం పోతుందో అది ముందు నేర్పాలి. జీవరసాయనం తర్వాత చెప్పినా ఫరవాలేదు. చేత్తో చేసిన పనికి కారణంగా చెబితే ఇంకా బాగా ఎక్కుతుంది కూడా.

పరిస్థితి నాలుగు మాటల్లో చెబుతాను, మీ పాఠాల్లోని ఉదాహరణలు దీన్నుంచే రావాలి కాబట్టి. 2023 ఏప్రిల్ 15న ఖర్టూమ్‌లో సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ బలగాలకూ మధ్య పోరు మొదలైంది. దేశంలోని పెద్ద విశ్వవిద్యాలయాలు చాలావరకు ఖర్టూమ్, ఓమ్‌దుర్మాన్ పరిసరాల్లోనే ఉండటంతో ఉన్నత విద్యకు మొదటి దెబ్బే గట్టిగా తగిలింది. ఆడపిల్లల చదువు కోసం 1966లో మొదలై, పోషకాహార విద్యకు పేరున్న అహ్ఫాద్ మహిళా విశ్వవిద్యాలయం ఓమ్‌దుర్మాన్‌లోనే ఉంది. సమాజంలోకి వెళ్లి నేర్చుకునే వైద్యవిద్యకు పేరుపడ్డ గెజీరా విశ్వవిద్యాలయం వాద్ మదనీలో ఉంది. ఆ ఊరు 2023 డిసెంబరులో ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి పోయి, 2025 జనవరిలో తిరిగి సైన్యం చేతికొచ్చింది. 2024 ఆగస్టు 1న ఉత్తర డార్ఫుర్‌లోని జంజం శిబిరంలో కరువు నెలకొన్నదని నిపుణుల కమిటీ తేల్చింది. డిసెంబరుకల్లా అబూషోక్, అల్ సలామ్ శిబిరాలూ, పశ్చిమ నూబా కొండలూ ఆ జాబితాలో చేరాయి. 2025 నవంబరులో అల్ ఫాషిర్, కాదుగ్లీ పట్టణాలు చేరాయి. మీ విద్యార్థుల్లో కొందరికి ఇవన్నీ సొంత ఊళ్ల పేర్లని గుర్తుంచుకుని పాఠం చెప్పండి.

మొదటి ఆరు వారాలు కొలతకే ఇవ్వండి. జబ్బ చుట్టుకొలత, కాళ్ల వాపు, బరువు, పొడవు – ఈ నాలుగే. మీకు తెలిసిన విషయమే అయినా, ఎక్కడ తప్పుతుందో విడమరచి చెప్పాలి. ఎడమ చెయ్యి. మోచేతిని లంబకోణంలో వంచి, భుజం ఎముక కొసకూ మోచేతి ఎముక కొసకూ మధ్య దూరం కొలిచి, సరిగ్గా సగం దగ్గర పెన్నుతో గుర్తు పెట్టాలి. తర్వాత చెయ్యి చాపించి వదులుగా వేలాడదీయించాలి. చాలామంది వంచిన చేతి మీదే టేపు చుట్టేస్తారు. కండ బిగుసుకుని కొలత పెరుగుతుంది. ఇంకో తప్పు టేపును గట్టిగా లాగడం. చర్మం నొక్కుకుని ముడతపడితే గట్టిగా లాగినట్టు, టేపుకూ చర్మానికీ మధ్య వెలుతురు కనిపిస్తే వదులైనట్టు. ఈ రెంటి మధ్య తేడా 2, 3 మిల్లీమీటర్లే. కానీ ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు బిడ్డకు 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే శామ్ (అతి తీవ్ర పోషకాహార లోపం), 115 నుంచి 125లోపు మామ్ (ఒక మోస్తరు తీవ్ర లోపం). అసలు 117 ఉన్న బిడ్డకు గట్టిగా లాగి 114 రాస్తే ఆర్‌యూటీఎఫ్ (నేరుగా తినిపించే చికిత్సా ఆహారం) పొట్లం అక్కర్లేని బిడ్డకు పోతుంది. 113 ఉన్న బిడ్డకు వదులుగా చుట్టి 116 రాస్తే చికిత్స అందాల్సిన బిడ్డ ఇంటికి పోతుంది. రెండో తప్పు సర్దుకోలేనిది.

వాపు చూడటం తూకం కంటే ముందే జరగాలి. రెండు పాదాల మీదా బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి పట్టి వదలాలి, రెంటిలోనూ గుంట అలాగే నిలవాలి. ఒక్క పాదంలోనే గుంట పడితే అది దెబ్బో, చీము పట్టడమో కావచ్చు, పోషకాహార లోపపు వాపు కాదు. ముందే ఎందుకంటే, వాపున్న బిడ్డ ఒంట్లో నీరు తూకంలో బరువుగా కనిపిస్తుంది. ఎత్తుకు తగ్గ బరువు బాగానే ఉందని పట్టిక చెబుతుంది, బిడ్డ మాత్రం చావుకు దగ్గరలో ఉంటుంది. రెండు పాదాల్లో వాపుంటే జబ్బ కొలత ఎంతున్నా శామ్ కిందే లెక్క. ముఖం దాకా వాపు వస్తే ఆస్పత్రిలో చేర్చాల్సిందే.

పొడవు విషయంలో ఒకటే చెబుతాను. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, వయసు తెలియకపోతే 87 సెంటీమీటర్లను హద్దుగా పెట్టుకోవాలి. పడుకోబెట్టాల్సిన బిడ్డను నిలబెట్టి కొలిస్తే 0.7 సెంటీమీటర్లు కలపాలి. ఇది మరిచిపోతే అందరు పిల్లలూ ఒక వైపే కాస్త పొట్టిగా తేలతారు, అంటే ఎత్తుకు తగ్గ బరువు మెరుగ్గా కనిపిస్తుంది. ఒక్క బిడ్డ విషయంలో చిన్న తేడా, సర్వే మొత్తం మీద పెద్ద అబద్ధం.

దీన్ని దూరం నుంచి ఎలా నేర్పాలి? మొదటి వారం పిల్లలతో పనే వద్దు. నీళ్ల సీసాకు పలచని స్పాంజి చుట్టి దాని మీద గుడ్డ కట్టమనండి. చేతి కండలాగే నొక్కితే లోపలికి పోతుంది. అలాంటివి రకరకాల లావుల్లో పది చేసి, ఒక్కోదాన్నీ రెండేసి సార్లు, మొదటి కొలత చూడకుండా కొలవాలి. రెండు కొలతల తేడా 2 మిల్లీమీటర్లు దాటినవి ఎన్నో లెక్కేసి మీకు పంపాలి. తూకానికి అయిదు లీటర్ల నీళ్ల డబ్బా చాలు. ఖాళీ డబ్బాను ముందు తూచి, కొలత పాత్రతో అయిదు లీటర్లు పోస్తే అయిదు కిలోలు పెరగాలి. రోజూ పొద్దున్నే కాటాను ఇలా పరీక్షించి పుస్తకంలో రాసే అలవాటు అక్కడే పడాలి. ఎత్తు చెక్కకు తెలిసిన పొడవున్న పైపు ముక్క. తర్వాతే స్థానికంగా ఉన్న ఆరోగ్య కేంద్రంలో, పర్యవేక్షకురాలి ఎదుట, అసలు పరీక్ష. సహాయ సంస్థలు చేసే ‘స్మార్ట్’ పోషకాహార సర్వేల్లో వాడే పద్ధతే ఇది: పదిమంది పిల్లలు, ఒక్కొక్కరిని రెండు సార్లు, పర్యవేక్షకురాలి కొలతతో పోల్చడం.

వాళ్లు పంపిన అంకెలను మీరిక్కడ కూర్చునే పట్టుకోవచ్చు. బరువు, ఎత్తుల్లో చివరి అంకె 0 నుంచి 9 దాకా దాదాపు సమానంగా రావాలి. 0, 5 మాత్రమే ఎక్కువగా కనిపిస్తే కాటా సరిగ్గా చదవలేదని, దగ్గర్లో ఉన్న సున్నా, అయిదు అంకెకు సర్ది రాసేశారని అర్థం. ఎత్తుకు తగ్గ బరువు జడ్-స్కోర్ల (ప్రమాణం నుంచి బిడ్డ ఎంత దూరంలో ఉందో చెప్పే అంకెల) ప్రామాణిక విచలనం 0.8కీ 1.2కీ మధ్య ఉండాలి. 1.2 దాటితే కొలతలు చెదిరాయి, 0.8 కంటే తగ్గితే ఎవరో ఇంట్లో కూర్చుని అంకెలు రాశారేమోనని అనుమానించాలి. గణాంక శాస్త్రం పేపరును మొత్తం ఈ అంకెల మీదే చెప్పేయండి. పుస్తకంలోని తయారు లెక్కలకంటే తమ చేతి తప్పు తమకే కనిపించే లెక్క మనసులో నిలుస్తుంది.

రెండో భాగం వంటగది. శామ్‌తో పాటు జబ్బు తీవ్రంగా ఉన్న బిడ్డకు మొదటి రోజుల్లో ఇచ్చే ఎఫ్-75 పాలను తయారు పొట్లం లేనప్పుడు కలపడం ప్రతి విద్యార్థికీ రావాలి. ఒక లీటరుకు వెన్న తీసిన పాలపొడి 25 గ్రాములు, చక్కెర 70, తృణధాన్యం పిండి 35, నూనె 30, ఖనిజ లవణాల ద్రావణం 20 మిల్లీలీటర్లు, విటమిన్ల మిశ్రమం. కోలుకునే దశలోని ఎఫ్-100కు పాలపొడి 80, చక్కెర 50, నూనె 60, ఖనిజ ద్రావణం అదే 20. ఇందులో ఎక్కువమంది చేసే తప్పు ఒక్క మాటలో ఉంది: ‘లీటరు నీళ్లు పోయాలి’ అని కాదు, ‘లీటరు అయ్యేదాకా నీళ్లు పోయాలి’ అని. సరకులకూ జాగా కావాలి కదా. ముందే లీటరు నీళ్లు పోసి అన్నీ వేస్తే ఎఫ్-75 దాదాపు 1,130 మిల్లీలీటర్లు, ఎఫ్-100 అంతకంటే కాస్త ఎక్కువే అవుతుంది. అంటే పాలు 12 నుంచి 14 శాతం పలచన. నర్సు మాత్రం పట్టిక ప్రకారం అంతే పోస్తుంది, బిడ్డ బరువు పెరగదు, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు.

చేసే విధానం: పిండి, పాలపొడి, చక్కెర, నూనె ముందు గట్టిగా కలిపి ముద్దలా చేసుకుని, కాచి చల్లార్చిన నీటిని కొంచెం కొంచెంగా పోస్తూ గిలకొట్టాలి. సన్న మంట మీద అయిదు నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. ఉడికేటప్పుడు నీరు ఆవిరవుతుంది కాబట్టి దించాక కాచిన నీటితో మళ్లీ లీటరు గుర్తు దాకా నింపాలి. ఖనిజ ద్రావణం, విటమిన్లు చల్లారాక. గరిటెతో తిప్పితే నూనె పైకి తేలిపోతుంది, కప్పులోకి ఒంచినప్పుడు మొదటి బిడ్డకు నూనె, చివరి బిడ్డకు చక్కెర నీళ్లు వెళతాయి. మన కవ్వం లాంటిది ఏదైనా సరే, చిలికితేనే కలుస్తుంది. గది వేడిలో ఎక్కువసేపు నిలవ ఉండదు. ఖర్టూమ్, డార్ఫుర్ ఎండల్లో ఏ పూటకు ఆ పూట చేసుకోవడమే మేలు.

మోతాదు లెక్క పరీక్షలో తప్పకుండా అడగండి. 6.4 కిలోల బిడ్డ, వాపు లేదు: కిలోకు రోజుకు 130 మిల్లీలీటర్ల చొప్పున 832. మూడు గంటలకోసారి, ఎనిమిది సార్లయితే 104 చొప్పున. ఒళ్లంతా వాపుంటే కిలోకు 100, అంటే 640, ఒక్కోసారి 80. రాత్రి పూట తప్పించకూడదు. తెల్లవారుజామున చక్కెర పడిపోయి చనిపోయే పిల్లలు ఎక్కువ. గ్లూకోజ్ కొలిచే పరికరం లేకపోతే మందకొడిగా ఉన్న ప్రతి బిడ్డకూ చక్కెర తగ్గిందనే అనుకుని 10 శాతం చక్కెర నీళ్లు 50 మిల్లీలీటర్లు పట్టాలి. ఆకలి వచ్చి, వాపు తగ్గుతున్నాక ఆర్‌యూటీఎఫ్. అదే బిడ్డకు కిలోకు రోజుకు 170 కిలోకేలరీలు వేస్తే 1,088. 500 కిలోకేలరీల పొట్లాలు వారానికి 15.

ఇక్కడే జీవరసాయనం చెప్పండి. ఎందుకు మాంసకృత్తులు తక్కువున్న పాలతో మొదలుపెడతాం? కణం గోడలోని సోడియం పంపు మందగించి పొటాషియం బయటికి, సోడియం లోపలికి పోయింది. గుండె, మూత్రపిండాలు ఎక్కువ భారం మోయలేవు. ఒక్కసారిగా తిండి పెడితే ఇన్సులిన్ ఎగసి ఫాస్ఫేట్‌ను కణాల్లోకి లాగేస్తుంది, గుండె ఆగుతుంది. ఇనుము మొదట్లో ఇవ్వకూడదన్నది కూడా ఇందులోదే. మన దగ్గర మెంబ్రేన్ ట్రాన్స్‌పోర్ట్ పాఠం గాలిలో ఉండిపోతుంది, అక్కడ అది బిడ్డ మంచం పక్కన ఉంటుంది.

విరేచనాలున్న శామ్ బిడ్డకు మామూలు ఓఆర్‌ఎస్ బదులు రీసోమాల్ (సోడియం తగ్గించిన ప్రత్యేక ద్రావణం) ఇస్తాం: మొదటి రెండు గంటలు అరగంటకోసారి కిలోకు 5 మిల్లీలీటర్లు. కానీ కలరా అనుమానం ఉన్నా, నీళ్లలా విపరీతంగా పోతున్నా రీసోమాల్ పనికిరాదు, అందులో సోడియం చాలదు. అప్పుడు మామూలు తక్కువ గాఢత ఓఆర్‌ఎసే. 2024 ఆగస్టులో సూడాన్ ఆరోగ్య శాఖ కలరా ప్రబలిందని ప్రకటించింది, మరుసటి ఏడాది అది ఖర్టూమ్‌నూ డార్ఫుర్‌నూ చుట్టేసింది. అందుకే మన పుస్తకాల్లో ఒక అడ్డగీత కింద చిన్న అక్షరాల్లో ఉండే ఈ మినహాయింపు అక్కడ ముఖ్య పాఠం కావాలి.

ఆరు నెలలలోపు పసివాళ్ల గురించి తప్పక ఒక తరగతి పెట్టండి. యుద్ధంలో తల్లికి పాలు ఎండిపోయాయన్న మాట తరచు వినిపిస్తుంది, వెంటనే ఎవరో డబ్బా పాలు పంచుతారు. శుభ్రమైన నీళ్లు లేనిచోట డబ్బా పాలంటే విరేచనాలు, విరేచనాలంటే చావు. పాలు తిరిగి తెప్పించే పద్ధతి నేర్పాలి: 8వ నంబరు సన్న గొట్టం ఒక కొస తల్లి చనుమొన దగ్గర అతికించి, ఇంకో కొస పాల కప్పులో పెట్టాలి. కప్పు మొదట చనుమొన కంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. బిడ్డ బలం పుంజుకునేకొద్దీ 30 సెంటీమీటర్ల దాకా దించాలి. బిడ్డ చప్పరిస్తుంటే కప్పులో పాలూ అందుతాయి, ఆ చప్పరింపుకే తల్లికి పాలూ వస్తాయి. కప్పు చనుమొన కంటే పైన పెడితే పాలు వాటంతటవే కారి బిడ్డకు పొలమారుతుంది. ఇంత చిన్న బిడ్డకు చిక్కటి ఎఫ్-100 ఎప్పుడూ ఇవ్వకూడదు.

ఇక ఆహారం. మీకు ఇక్కడ పెద్ద సౌలభ్యం ఉంది: వాళ్ల తిండీ జొన్నే. కిస్రా అంటే పులిసిన జొన్నపిండితో పెనం మీద కాగితమంత పలచగా తీసే రొట్టె, మన దోసెకు చుట్టం. అసీదా అచ్చంగా మన సంకటి. దాని మీద ‘ములాహ్’ పులుసు, అందులో ఎండబెట్టి పొడిచేసిన బెండకాయ. డార్ఫుర్‌లో జొన్న బదులు సజ్జ ఎక్కువ. వేరుశనగ, నువ్వులు, చింతపండు ఉన్నాయి. కోర్డోఫాన్‌లో దొరికే తబల్దీ కాయ గుజ్జులో విటమిన్ సి బాగా ఉంటుంది. అది మరేదో కాదు, గోల్కొండ నయాఖిల్లాలో ఉన్న ఏనుగంత మాను, ఆ బావోబాబ్ కాయే. మెనూ తయారుచేయమన్నప్పుడు ఆపిల్, ఓట్స్, పనీర్ ఉన్న పట్టిక ఇచ్చారో, ఆ పాఠం అక్కడితో చచ్చినట్టే. విద్యార్థులనే ఈ వారం తమ ఊరి సంతలో దొరికినవి, వాటి ధరలు రాసి పంపమనండి, ఆ పట్టిక మీదే ఆహార ప్రణాళిక చేయించండి.

జొన్న గురించి లోతుగా చెప్పండి. నీళ్లలో ఉడికించిన జొన్నలో మాంసకృత్తి అరుగుదల తగ్గిపోతుంది, పులియబెడితే మళ్లీ మెరుగవుతుంది. సూడాన్ తల్లులు పసివాళ్లకు పట్టే ‘నషా’ అన్న పులిసిన జావ వెనక ఉన్న శాస్త్రం ఇదే. అయితే జావలో ఇంకో చిక్కుంది: బిడ్డ మింగగలిగేంత పలచగా చేస్తే శక్తి ఉండదు, శక్తి ఉండేంత చిక్కగా చేస్తే మింగలేదు. మందు మొలకల పిండి. జొన్నలు ఒక రోజు నానబెట్టి, రెండు మూడు రోజులు మొలకెత్తించి, బాగా ఎండబెట్టి, మొలకలూ వేళ్లూ పూర్తిగా నలిపి రాల్చేసి, అప్పుడు పట్టించాలి. రాల్చడం మరువకూడదు. జొన్న మొలకలో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. పసరు జొన్న చొప్ప తిని గొడ్లు పడిపోవడం మన రైతులకు తెలిసిన సంగతేగా, అదే ఇది. చిక్కగా ఉడికిన జావ కాస్త చల్లారాక చెంచాడు మొలకల పిండి కలిపితే కొద్ది నిమిషాల్లో జారుగా మారుతుంది. తర్వాత మళ్లీ ఒక పొంగు రానివ్వాలి, పచ్చి పిండిలోని క్రిములు చావాలి కాబట్టి. రంజాన్‌కు చేసుకునే ‘హులూముర్’ పానీయం కోసం జొన్న మొలకెత్తించడం వాళ్లకు అలవాటే కనుక, కొత్త పనిగా కాక తెలిసిన పనిగానే ఎక్కుతుంది.

జొన్నకు అంటుకుని వచ్చేది పెల్లాగ్రా, అంటే నియాసిన్ విటమిన్ లోపపు జబ్బు. దక్కనులో జొన్న తినే పేదల్లో ఈ జబ్బును హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో (ఎన్‌ఐఎన్) సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య పరిశోధించి, జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడానికీ దీనికీ సంబంధం ఉందని 1960లో ప్రచురించారు. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద నల్లబడి పొలుసులూడే చర్మం, విరేచనాలు, మతి తప్పడం – ఈ మూడూ వాళ్ల కళ్లకు ఆనాలి. నెలల తరబడి జొన్న, నూనె, ఉప్పు తప్ప ఏమీ అందని శిబిరాల్లో చూడాల్సింది ఇదే. చికిత్స పెద్దవాళ్లకు నికోటినమైడ్ రోజుకు 300 మిల్లీగ్రాములు, మూడు నాలుగు వారాలు. నివారణకు వేరుశనగ మంచిది, నియాసిన్ దండిగా ఉంటుంది.

వేరుశనగతో పాటు బూజు సంగతి కూడా చెప్పి తీరాలి. అల్ ఫాషిర్ దిగ్బంధంలో జనం పశువుల దాణా అయిన వేరుశనగ చెక్కను, అక్కడి మాటలో ‘అంబాజ్’ను, తిని బతికారు. నూనె తీసిన చెక్క తడిసి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, ఉడికిస్తే పోదు. ముడుచుకున్న, రంగు మారిన, బూజు వాసన వచ్చే గింజలను ఏరేయడం ఇంటి స్థాయిలో అన్నిటికంటే పనిచేసే జాగ్రత్త. దీని మీద దశాబ్దాలుగా పనిచేసిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మన పటాన్‌చెరులోనే ఉంది. సూడాన్‌కు తొలి హైబ్రిడ్ జొన్న ‘హజీన్ దురా-1’ వచ్చింది కూడా ఇక్రిశాట్ పనిలో భాగంగానే, 1983లో. విద్యార్థులకు ఆ ముక్క చెప్పండి, మీ ఊరికీ వాళ్ల ఊరికీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది.

ఎన్‌ఐఎన్ వారి హైదరాబాద్ మిక్స్ మంచి ప్రాక్టికల్: వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగ 16, వేరుశనగ 10, బెల్లం 20, మొత్తం 86 గ్రాములకు 330 కిలోకేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. గోధుమ బదులు జొన్న, బెల్లం బదులు చక్కెర, శనగ దొరక్కపోతే వాళ్ల ‘ఫూల్’ చిక్కుడు గింజ పెట్టి మళ్లీ లెక్కేయమనండి. ఇది మామ్ పిల్లలకు, మామూలు పిల్లలకు అదనపు తిండి. శామ్ బిడ్డకు ఆర్‌యూటీఎఫ్ బదులు ఇది చాలదు, పాలూ లేవు, ఖనిజాలూ చాలవు. ఈ తేడా స్పష్టంగా చెప్పకపోతే పొట్లాలు అయిపోయిన రోజున ఎవరో దీన్నే మందుగా ఇస్తారు.

రేషన్ లెక్క తప్పనిసరి. ఆపత్కాలంలో మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీలు, అందులో కనీసం పది శాతం మాంసకృత్తుల నుంచి, పదిహేడు శాతం కొవ్వు నుంచి రావాలన్నది సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణం. జొన్నలు 450 గ్రాములు, పప్పు 60, నూనె 30 ఇస్తే దాదాపు 1,980 వస్తుంది, కాగితం మీద ఫరవాలేదనిపిస్తుంది. కానీ జొన్నలు గింజలుగా ఇచ్చారు. చేతిలో డబ్బు లేని తల్లి పిండి పట్టించిన కూలి కింద మిల్లువాడికి గింజలే ఇస్తుంది. అలా పదిహేను శాతం పోయినా 225 కిలోకేలరీలు ఎగిరిపోయి 1,755కు దిగుతుంది. కట్టెలకు ఇంకొంచెం అమ్ముకుంటుంది. ప్రతి రేషన్ లెక్క కిందా ‘నోటి దాకా ఎంత చేరింది’ అన్న వరస ఉండాలి. ఇంకో చిన్న పొరపాటు: వంద గ్రాముల కిస్రాకు వంద గ్రాముల జొన్నపిండి విలువలు వేయడం. కిస్రాలో సగం దాకా నీరే.

ఆహార వినియోగ స్కోరులోనూ ఇలాంటి గొయ్యి ఉంది. వారంలో ఎన్ని రోజులు తిన్నారో దాన్ని తృణధాన్యాలకు 2తో, పప్పులకు 3తో, కూరగాయలకు 1తో, పండ్లకు 1తో, మాంసం చేపలకు 4తో, పాలకు 4తో, చక్కెర, నూనెలకు 0.5తో గుణిస్తాం. రోజూ కిస్రా, రోజూ చక్కెర టీ, రోజూ కాస్త నూనె, అయిదు రోజులు బెండకాయ పులుసు తిన్న ఇంటికి 14, 3.5, 3.5, 5 కలిపి 26. మామూలు హద్దులు 21, 35 వాడితే ఈ ఇల్లు ‘అంచున ఉన్నది’. చక్కెర, నూనె రోజూ వాడే చోట వాడాల్సిన 28, 42 హద్దులు పెడితే ‘దుర్భరం’. ఇల్లు మారలేదు, హద్దు మారింది. టీ లేకుండా రోజు గడవని సూడాన్‌లో ఏ హద్దు వాడారో రాయని నివేదికను నమ్మవద్దని నేర్పండి.

మరణాల రేటు కూడా చేత్తో వేయించండి. 3,000 మంది ఉన్నచోట 90 రోజుల్లో 54 చావులు: 54ను 2,70,000తో భాగించి 10,000తో హెచ్చవేస్తే రోజుకు పదివేలకు 2. కరువు ప్రకటనకు చూసే మూడు గీతల్లో ఒకటి ఇది. మిగతా రెండు, ఇరవై శాతం ఇళ్లలో తిండి దాదాపు లేకపోవడం, ముప్పై శాతం పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం. పుట్టి వారం కాకుండానే పోయిన పసివాళ్లను తల్లులు చాలాసార్లు లెక్కలో చెప్పరు. రంజాన్, బక్రీద్, ఫలానా దాడి జరిగిన రోజు అని గుర్తులు పెట్టి అడిగితే బయటపడుతుంది. ఆ ప్రశ్న అడగడానికి ముందు ఒక్క నిమిషం మౌనంగా కూర్చోవడం కూడా నేర్పాల్సిన విద్యే.

పాఠం చేరవేయడం గురించి. ప్రత్యక్ష వీడియో క్లాసు మీద ఆధారపడొద్దు. 2024 ఫిబ్రవరిలో దేశంలో చాలా భాగానికి ఇంటర్నెట్ తెగిపోయింది. పది నిమిషాల మాటను మోనోలో 24 కిలోబిట్ల వేగంతో రికార్డు చేస్తే 1.8 ఎంబీ, అదే నాసిరకం వీడియో అయినా 37 ఎంబీ దాటుతుంది. మాట, పది పేజీల పీడీఎఫ్, నాలుగు బొమ్మలు – ఇంతే. ఏ వారం పాఠం ఆ వారానికి పూర్తిగా ఉండాలి, ‘పోయిన వారం చెప్పుకున్నట్టు’ అంటే పోయిన వారం అందని పిల్ల అక్కడే ఆగిపోతుంది. గడువులు రోజుల్లో కాక మూడు వారాల వెసులుబాటుతో పెట్టండి. పాఠం ఇంగ్లిష్‌లో చెప్పినా తల్లులతో చెప్పే మాటలు సూడాన్ అరబ్బీలో రాయించండి. డార్ఫుర్‌లో ఫూర్, జఘావా, మసాలీత్ మాట్లాడే ఇళ్లు ఎన్నో.

కోర్సును ఆరేసి వారాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ సంతకం చేసిన పత్రం ఇవ్వండి. సగంలో ఊరు మారిన విద్యార్థి చేతిలో ఏదో ఒకటి మిగలాలి. వెనక ఒక చిట్టా పుస్తకం నడవాలి. నా లెక్కన కనీసం 50 జబ్బ కొలతలు, 30 పొడవు బరువులు, 10 ఆకలి పరీక్షలు (బిడ్డ ఆర్‌యూటీఎఫ్ తినగలదా అని చూడటం), 10 సార్లు ఎఫ్-75 కలపడం, ఒక్కోటీ అక్కడి పర్యవేక్షకుల సంతకంతో. ఇది లేకుండా మార్కులు వేస్తే జాలిపడి ఇచ్చిన డిగ్రీ అంటారు, ఆ మాట పడాల్సిన తప్పు ఆ పిల్లలు చేయలేదు. మార్కుల జాబితాలు మూడు చోట్ల దాచండి. అక్కడ కొన్ని విశ్వవిద్యాలయాల రికార్డులు పోయి, చదువు పూర్తయినవాళ్లు కూడా నిరూపించుకోలేక తిప్పలు పడ్డారు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. పేర్లు, తెగ, ఊరు ఉన్న కాగితం చెక్‌పోస్టు దగ్గర దొరికితే బిడ్డ తల్లికీ ప్రమాదమే, మోసుకెళ్తున్న విద్యార్థికీ ప్రమాదమే. పేరు బదులు కోడ్, ఊరి బదులు అంకె, ఫోన్‌లో లొకేషన్ ఆపేయడం, పిల్లల ఫోటోలు అసలు తీయకపోవడం. ఏ అసైన్‌మెంటూ ఒక పక్షం ఆధీనంలోంచి ఇంకో పక్షం ఆధీనంలోకి వెళ్లేలా ఉండకూడదు. బయటికి వెళ్లలేనివాళ్లకు అవే మార్కులతో ఇంట్లో చేసే పని ఉండాలి: సీసాల కొలత, రేషన్ లెక్క, తమ ఇంటి ఏడు రోజుల తిండి. తమ ఇంటి తిండి రాయమన్నప్పుడు ‘ఏమీ లేదు’ అని రాసే విద్యార్థి కూడా ఉంటారు. ఆ కాగితం చూసి మార్కులు వేసే ముందు శాఖవారికి విడిగా ఫోన్ చేయండి.

ఒప్పుకునే ముందు వాళ్లను నాలుగు అడగండి. విద్యార్థుల్లో ఎంతమంది ఏ ఊళ్లో ఉన్నారు, పోర్ట్ సూడాన్, కసలా, గెదారెఫ్, కైరో, డార్ఫుర్ అని విడివిడిగా. ఏ ఊళ్లో సంతకం పెట్టగల పర్యవేక్షకులు ఉన్నారు. ఎంతమంది దగ్గర టేపు ఉంది. లేకపోతే ముద్రించుకునే నమూనా పంపకండి, ప్రింటర్ కొలత మార్చేస్తుంది, అసలు టేపులే సహాయ సంస్థల ద్వారా పంపించండి. చివరిది, సూడాన్ జాతీయ చికిత్సా మార్గదర్శకాల్లో ఇప్పుడు అమల్లో ఉన్న ప్రతి. నేను ఇక్కడ రాసిన మోతాదులకూ దానికీ ఎక్కడైనా తేడా వస్తే, దాన్నే పాటించండి.